స్ట్రాబెర్రీకి వచ్చిన చుట్టం

ఒక ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారో చెప్పే అధికారం ఆ ఇంట్లో ఉంటున్నవాళ్ళకు లేదు. ఆ అధికారం ఫోనులో ఉండే సముదాయం ఆప్‌ది. ఈ ఒక్క సంగతి ముందే ఒప్పుకుంటే మిగతా అంతా చాలా సబబుగా కనిపిస్తుంది.

రెండు వేల ఇరవై నాలుగు, మే ఇరవై ఆరు, ఆదివారం. దుబాయ్‌లో జుమాన్ గార్డెన్స్ అనే విల్లాల సముదాయం, నలభై ఏడో నంబరు ఇల్లు. ఆ రోజు ఇంట్లో ఉన్నవారు: ఇంటి యజమాని వేణుగోపాలరావు (యజమాని అంటే అద్దె కట్టే యజమాని), ఆయన భార్య కామాక్షి, ఆయన తల్లి అచ్చాయమ్మ, నాలుగో నివాసిగా ఒక అడవి స్ట్రాబెర్రీ మొక్క. కామాక్షి అక్క కూతురు కాత్యాయని కూడా ఉంది. అయితే ఆమె పేరు జాబితాలో లేదు కాబట్టి, ఆమె ఉన్నట్టు కాదు.

లేని ఈ అమ్మాయికి పదహారేళ్ళు. ఉదయగిరి దగ్గరి పల్లెలో, జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి పరీక్షలు రాసి, అరవై రోజుల విజిట్ వీసా మీద పిన్ని ఇంటికి వచ్చింది. మొహమాటస్తురాలు. ఏదైనా చెప్పాలంటే ముందు మనసులో రెండుసార్లు అనుకుంటుంది. మూడోసారి పైకి అనబోయేసరికి ఎదుటివాళ్ళు లేచి వెళ్ళిపోయి ఉంటారు. చెప్పలేకపోయినవన్నీ రాత్రి డైరీలో రాసుకుంటుంది కాబట్టి ఆమె డైరీ చాలా మాటకారి.

ఆమె వచ్చింది బుర్జులు చూడటానికి కాదు. నాయనను చూడటానికి. నాయన సుబ్బరాయుడు రెండు బస్సుల దూరంలోని ముసఫ్ఫాలో, ఐకాడ్ అనే పారిశ్రామికవాడలోని ఒక ఫ్యాక్టరీలో వెల్డర్. మూడున్నరేళ్ళుగా ఊరికి రాలేదు. రెండుసార్లు లీవు ఇచ్చారు, రెండుసార్లూ టికెట్టు కొనకముందే వెనక్కి తీసుకున్నారు. ఆయన ఉండే క్యాంపులోకి ఆడపిల్లలను రానివ్వరు. నెలకు ఒక్క ఆదివారం సెలవు. ఏప్రిల్ ఆదివారాన్ని ఫ్యాక్టరీ షట్‌డౌన్ పని మింగేసింది. ఇక మిగిలింది మే ఇరవై ఆరు ఒక్కటే. జూన్ రెండున కాత్యాయని విమానం. ఆమెకు కావలసింది నాయన పక్కన కూర్చుని ఒక పూట అన్నం తినడం. దీనికి ఆప్‌లో కేటగిరీ లేదు.

ఇక మొక్క సంగతి. జనవరి మొదట్లో కొడుకూ కోడలూ అచ్చాయమ్మను ఒక పూల ప్రదర్శనకు తీసుకువెళ్ళారు. మొక్కల విషయంలో ఆవిడకు గుంటూరు నుంచి తెచ్చుకున్న సిద్ధాంతం ఒకటుంది. డబ్బిచ్చి కొన్న మొక్క మొహం చాటేస్తుంది, అడిగి తెచ్చుకున్న మొక్క మొహమాటానికి నాలుగు రోజులు ఉండి పోతుంది, ఎవరూ చూడకుండా గిల్లుకొచ్చిన మొక్కే మన ఇల్లు తన ఇల్లనుకుంటుంది. ఆ సిద్ధాంతం ప్రకారం ఒక చిన్న తీగ ఆవిడ చీర చెంగులో నలభై కిలోమీటర్లు ప్రయాణం చేసి, పెరటి గోడ నీడన, ఏసీ గొట్టం నుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడే చోట దిగింది.

పసుపు పూలు, ఎర్రటి చిట్టి పళ్ళు. చూడటానికి బొట్టుబిళ్ళల్లా ఉండేవి. తింటే మాత్రం నీళ్ళు నమిలినట్టుండేది. పచ్చడి చేద్దామంటే పులుపు లేదు, పాయసంలో వేద్దామంటే తీపి లేదు. అచ్చాయమ్మ ఒకటి నోట్లో వేసుకుని, ఇంతమాత్రం దానికి దొంగతనం చేయించిందే అని మొక్క మీదే కోప్పడింది. ఏప్రిల్ పదహారున, ఊరు ఊరంతా మునిగేలా, పెద్ద వాన కురిసింది. నీళ్ళు తీసిన వారానికి చూస్తే తీగలు పెరడు దాటి, పక్క సందు దాటి, ముందున్న పచ్చిక సగం ఆక్రమించుకున్నాయి.

తోటపనికి వారానికి రెండుసార్లు అల్ ఖూజ్ నుంచి పికప్‌లో వచ్చే హబీబుల్లా రాయచోటి మనిషి. దాన్ని నాలుగుసార్లు పీకాడు. పీకిన ప్రతిచోటా రెండు లేచాయి. ఐదోసారి పీకటానికి వంగినప్పుడు వేణుగోపాలరావు ఫోను బయటికి తీసి, ఆప్‌లో ఫిర్యాదు పెడతాను, వాళ్ళే మందు కొడతారు అన్నాడు. హబీబుల్లా పార కింద పెట్టేశాడు.

"వద్దు సార్. ఫోటో తీసేదాకా అది కలుపు. తీసినాక అది కేసు."

వేణుగోపాలరావు ఒక పెద్ద ఆఫీసులో మిగతా ఉద్యోగులు నిబంధనలు పాటిస్తున్నారా లేదా అని చూసే ఉద్యోగంలో పందొమ్మిదేళ్ళుగా ఉన్నాడు. అలాంటి మనిషి ఫోటో తీయకుండా ఎలా ఉంటాడు? తీశాడు. హబీబుల్లా పారను పికప్‌లో పెట్టుకుని, ఇక తన కార్డులో గడ్డి అని మాత్రమే ఉందని, కేసుల మీద చెయ్యి వేసే పర్మిట్ తనకు లేదని చెప్పి వెళ్ళిపోయాడు.

ఫారంలో మొదటి ప్రశ్న: ఈ మొక్క మీ ఇంటికి ఎలా వచ్చింది? కొన్నదా, కానుకగా వచ్చిందా, ఇంటి అసలు యజమాని నాటించిందా, దానంతటదే వచ్చిందా? గిల్లుకొచ్చింది అనే గడి లేదు. ఉన్నా ఆయన నొక్కేవాడు కాదు. దానంతటదే వచ్చింది అని నొక్కాడు. రెండో ప్రశ్న: నీళ్ళు తాగుతుందా? తాగుతుంది. మూడో ప్రశ్న: ఎన్నాళ్ళుగా ఉంటోంది? తొంభై రోజులు దాటింది.

జుమాన్ గార్డెన్స్ నియమావళిలో పద్నాలుగో నియమం చాలా స్పష్టంగా ఉంటుంది. ఆ సముదాయంలో గడ్డి దానంతటది రాదు, చాపలా చుట్టి లారీలో తెచ్చి పరుస్తారు. చెట్లు దానంతటవి రావు, క్రేన్‌తో తెచ్చి పాతుతారు. పిట్టలు దానంతటవే వస్తాయి గాని తొంభై రోజులు ఉండవు. దానంతటదే వచ్చి, నీళ్ళు తాగి, తొంభై రోజులు దాటి ఉండేది నివాసి మాత్రమే. కాబట్టి ఫిర్యాదు ఫారం మర్యాదగా మూసుకుని, దాని స్థానంలో కొత్త నివాసి నమోదు ఫారం తెరుచుకుంది.

ఇక్కడ ఆగి ఉండవలసింది. కాని సగం నింపిన ఫారం వదిలేస్తే మొదటి నుంచి లాగిన్ కావాలి. ఆ మాట తెలిసిన వాడెవడూ సగంలో ఆగడు.

పేరు గడిలో స్ట్రాబెర్రీ అని రాశాడు. ఇంటిపేరు లేనిదే ఫారం ముందుకు కదలలేదు. తమ ఇంటిపేరు ఇచ్చాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతి విన్న అచ్చాయమ్మ, ఏ ఇంటిదో తెలియని దానికి మన ఇంటిపేరు కట్టబెట్టావా అని రెండు రోజులు కొడుకుతో మాట్లాడలేదు. (దాన్ని ఏ ఇంటి నుంచి ఎత్తుకొచ్చారో ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదన్నది వేరే విషయం.) కఫీల్ (అంటే పూచీదారు) ఎవరు అన్న గడిలో వేణుగోపాలరావు తన పేరు రాసుకున్నాడు. పందొమ్మిదేళ్ళుగా ఒకరి పూచీ మీద బతుకుతున్న మనిషి, మొదటిసారి మరొకరికి పూచీ ఇచ్చాడు. ఆ రోజంతా ఆయన నడకలో కొంచెం హుందాతనం కనిపించింది.

ఫోటో తెల్లటి వెనకతెర మీద ఉండాలి, రెండు చెవులూ కనిపించాలి. తెల్లటి దుప్పటి పట్టుకుని మొక్క వెనక ఎండలో నిలబడింది కాత్యాయనే. మొదటి రెండు ఫోటోలు తిరిగొచ్చాయి. మూడోసారి ఆమె అటొక ఆకు, ఇటొక ఆకు సర్ది పట్టుకుంటే ఆమోదం వచ్చింది. పదకొండు నిమిషాలు పట్టింది. పాస్‌పోర్టు లేదు కాబట్టి పరిశీలించడానికి ఏమీ లేదు.

నలభై ఏడో విల్లాకు ఆప్ అనుమతించే తలలు నాలుగు. నాలుగో తల కోసం కాత్యాయని దరఖాస్తు ఏప్రిల్ ఏడు నుంచి పరిశీలనలో ఉంది, ఎందుకంటే ఆమెకు పాస్‌పోర్టు ఉంది. మొక్కకు ఆమోదం వచ్చిన మరుక్షణం ఆమె దరఖాస్తు తిరిగొచ్చింది. ఆప్‌లో ఉండే సహాయకురాలు లైలా (మనిషి కాదు, అయినా ఎప్పుడూ నవ్వుతూ ఉంటుంది) ఇలా రాసింది: ఈ ఇల్లు నిండింది. మీ ఆనందం మాకు ముఖ్యం. ఈ అనుభవానికి ఎన్ని నవ్వు ముఖాలు ఇస్తారు?

వేణుగోపాలరావు పొరపాటున ఐదు ఇచ్చాడు. అందువల్ల అప్పీలుకు వీలు లేకుండా పోయింది.

మర్నాడు ఆయన సముదాయం ఆఫీసుకు వెళ్ళాడు. అక్కడ హరిత సామరస్య అధికారి సుభాషిణి. సికింద్రాబాద్ అమ్మాయి, ఎంతో మర్యాదస్తురాలు. మనవాళ్ళే అని తెలియగానే కుర్చీ వేసి, టీ ఇచ్చి, కుదరదని తెలుగులో చెప్పింది. నమోదైన నివాసిని ఆరు నెలల లోపు తీసేయడానికి వీల్లేదు. పీకితే బలవంతపు ఖాళీ చేయింపు కిందకు వస్తుంది. తీగలు కోస్తే ప్రతి ముక్కా విడిగా ఒక నివాసి అవుతుంది, అప్పుడు విల్లాలో నూట పన్నెండు తలలు లెక్కకొస్తాయి. తీగలు కలిసి ఉన్నంతకాలం మాత్రం ఉమ్మడి కుటుంబం కింద ఒక్కరే. మరి ఇంట్లో ఉన్న అమ్మాయి మాట ఏమిటని ఆయన అడిగాడు. జాబితాలో లేనివారు తలల లెక్కింపు రోజున ఇంట్లో కనబడితే అద్దె ఒప్పందం పునరాలోచనకు వెళుతుందని ఆమె టీలో ఇంకో చెంచా చక్కెర వేస్తూ చెప్పింది. లెక్కింపు ఎప్పుడు? అది ముందుగా చెబితే లెక్కింపు ఎలా అవుతుందండీ అంది.

అద్దె ఒప్పందం జూన్ నెలాఖరుకు తీరిపోతుంది. అప్పటి నుంచి నలభై ఏడో విల్లాలో స్ట్రాబెర్రీకి వేళకు నీళ్ళు పట్టారు. ముందు పచ్చికలో ఇది నివాస స్థలం, నడవరాదు అన్న బోర్డు వెలిసింది. కాత్యాయని గేటు దాటి బయటికి పోవడం మానేసింది, ఎందుకంటే పోతే తిరిగి రావడానికి ఆమె పేరు ఎక్కడా లేదు. డైరీ వెనక అట్ట మీద మే ఇరవై ఆరు వరకు గీసుకున్న గీతల్లో రోజుకొకటి కొట్టేస్తూ కూర్చుంది. పదో తరగతిలో ఐదు వందల నలభై మార్కులు వచ్చాయని నాయనకు ఫోన్లో చెప్పింది. ఇంకా చాలా చెప్పాలనుకుంది గాని ఆ పక్కన మిషన్ల చప్పుడు. ఆదివారం చెబుదువులేమ్మా అన్నాడు ఆయన.

ఆదివారం వచ్చింది. కామాక్షి పొద్దున్నే దేరా చేపల మార్కెట్టుకు పోయి కొర్రమీను తెచ్చి, అక్క పెట్టే పద్ధతిలోనే మామిడికాయ వేసి పులుసు పెట్టింది. పదకొండున్నరకు లైలా నుంచి కబురు: శుభవార్త. కుటుంబ సభ్యులందరూ ఇంట్లో ఉండే సెలవు రోజు కాబట్టి, మీ సౌకర్యార్థం నేడు పన్నెండున్నరకు తలల లెక్కింపు. నివాసులందరూ నివాసం లోపల ఉండగలరు.

వేణుగోపాలరావు దీన్ని మూడుసార్లు చదివాడు. నివాసులందరూ అన్నారు, లోపల అన్నారు. నాలుగో నివాసి పచ్చికలో ఉంది. ఆయన వెంటనే కాత్యాయనిని పిలిచి, తీగలు తెగకుండా ఒక మంచి మొక్కను మట్టితో సహా కుండీలోకి ఎత్తి, దాని తీగ చివర పచ్చికలోనే ఉండేలా చూసి (ఉమ్మడి కుటుంబం విడిపోకూడదు) గుమ్మం దగ్గరకు తెమ్మన్నాడు. ఆ తరువాత ఆమె ఎక్కడ ఉండాలన్నది ఎవరూ చెప్పలేదు. ఆమె అడగాలనుకుంది. మనసులో రెండుసార్లు అనుకునేలోగా ఆయన ఇస్త్రీ చొక్కా కోసం లోపలికి వెళ్ళిపోయాడు.

పన్నెండూ ఇరవైకి గేటు నుంచి ఫోన్. కాపలా అమీర్ జాన్ కర్నూలు వాడు. ఎవరో సుబ్బరాయుడంట, ముసఫ్ఫా నుంచి రెండు బస్సులు మారి వచ్చినాడంట, లోపలికి పంపేదా అన్నాడు. పంపమన్నాడు వేణుగోపాలరావు. అంత సులువుగా కుదరలేదు. ఒక్కో నివాసికి నెలకు ఇద్దరు అతిథులు. వేణుగోపాలరావు కోటా ఆఫీసు స్నేహితుల బిర్యానీకి అయిపోయింది, కామాక్షిది చీటీపాటకు, అచ్చాయమ్మది విష్ణుసహస్రనామానికి.

"ముగ్గురివీ ఖలాస్ సార్," అన్నాడు అమీర్ జాన్. "నాలుగో మేడమ్‌వి రెండూ అట్లే ఉన్నాయి. ఆమె పేరు మీద రాసేదా?"

"రాయి."

"ఆమెకు ఏమవుతాడని అడుగుతోంది సార్ ఆప్." అటుపక్క ఏదో మాట్లాడుకున్నారు. "కూతురంట సార్. కూతుర్ని చూడ్డానికి వచ్చినానంటున్నాడు. అదే కొట్టేసినా."

ఆ విధంగా సుబ్బరాయుడికి పాస్ వచ్చింది. సందర్శించబడు వ్యక్తి స్ట్రాబెర్రీ, బంధుత్వం తండ్రి, కొత్త నివాసి అతిథి కాబట్టి గడువు ముప్పై నిమిషాలు, ఒకే ప్రవేశం. ఇంట్లోకి వెళ్ళాక మళ్ళీ గడప బయటికి అడుగు పెడితే పాస్ అక్కడితో సరి. సెలవు సాయంత్రం దాకానే, ఆ తరువాతి డ్యూటీ అందాలంటే ఆయన ఒకటిన్నర బస్సు ఎక్కాలి. అంటే ఎటు చూసినా ఆయనకు ఉన్నవి ఆ ముప్పై నిమిషాలే.

సుభాషిణి చిన్న బ్యాటరీ బండిలో, చేతిలో ట్యాబ్‌తో, సరిగ్గా పన్నెండున్నరకు వచ్చింది. ఎండ నలభై రెండు. సుబ్బరాయుడు ఎండలో నడుచుకుంటూ ఆమె వెనకే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో పల్చటి ప్లాస్టిక్ సంచి. ఆ సంచిలోంచి గులాబీ రంగు చెప్పుల జత కనిపిస్తోంది. అవి పదమూడేళ్ళ పిల్ల పాదాలకు సరిపోతాయి.

గుమ్మం ముందు మెట్టు మీద కాత్యాయని నిలబడి ఉంది, రెండు చేతులతో కుండీ పట్టుకుని. చేతులకు మట్టి. ఆయన్ని చూసి కుండీ దించబోయింది. దించితే మళ్ళీ నివాసి బయట ఉన్నట్టవుతుందేమోనని దించలేదు. సుబ్బరాయుడు నాలుగడుగుల దూరంలో ఆగిపోయాడు. ఇంత పొడుగైపోయిందా అన్నట్టు తల కొంచెం పైకెత్తి చూశాడు.

సుభాషిణి ట్యాబ్ చూసుకుని, తలుపు దగ్గర నిలబడ్డ ముగ్గురినీ పోల్చుకుంది. తరువాత కాత్యాయని వైపు తిరిగింది.

"ఈ అమ్మాయి ఎవరండీ?"

వేణుగోపాలరావు గొంతు సవరించుకున్నాడు. అచ్చాయమ్మ కొంగు సవరించుకుంది. కామాక్షి మాత్రం తడుముకోలేదు. జూన్ నెలాఖరు ఆమె కళ్ళ ముందే ఉంది.

"తోటపనికి వస్తుందండీ. హబీబుల్లా తరఫున."

సుబ్బరాయుడు ఆ మాట విన్నాడు. ఏదో అనబోయి మరదలి ముఖం చూశాడు. పద్దెనిమిదేళ్ళుగా ఈ దేశంలో ఉన్న మనిషికి, ఒక ముఖం చూస్తే ఆ ఇంట్లో ఏ కాగితం గడువు తీరబోతోందో తెలుస్తుంది. సంచి మణికట్టుకు తగిలించుకున్నాడు.

తోటపని వాళ్ళు లెక్కింపు సమయంలో గడప దాటకూడదండీ, లోపల తల ఎక్కువవుతుంది అని సుభాషిణి మెత్తగా గుర్తు చేసింది. తరువాత సుబ్బరాయుడి పాస్ స్కాన్ చేసింది. ట్యాబ్ పచ్చగా వెలిగింది. ఆమె ముఖం కూడా వెలిగింది.

"ఓ, మీరు నాలుగో నివాసి తరఫు చుట్టాలా? రండి రండి. ఆ కుండీ మీరే తీసుకుని లోపలికి నడవండి. సందర్శన లోపలే జరగాలి."

"అమ్మా," అన్నాడు సుబ్బరాయుడు. "నేను నా కూతుర్ని చూడాలని వచ్చినాను."

"అదేనండీ. ఇందులో కూడా అదే ఉంది." ఆమె ట్యాబ్ ఆయన వైపు తిప్పి చూపించింది. "ముప్పై నిమిషాల్లో మూడు అయిపోయాయి కూడా."

ఆయనకు ఇంగ్లీషు చదవడం రాదు. ఆకుపచ్చ రంగు మాత్రం అర్థమైంది. ఆకుపచ్చ వెలిగితే కదలాలి. ముందుకొచ్చి కుండీ కోసం చేతులు చాచాడు. కుండీ చేతులు మారేటప్పుడు ఆయన వేళ్ళు కాత్యాయని వేళ్ళ మీద ఒక క్షణం ఎక్కువ ఆగాయి. ఆమె చేతులకు అంటిన మట్టిని ఆయన బొటనవేలితో కొంచెం తుడిచాడు.

"నాయనా," అంది కాత్యాయని. ఈసారి మనసులో ఒక్కసారి కూడా అనుకోకుండా అంది. "నేనూ వస్తా."

సుభాషిణి నవ్వింది. ఈ తోట అమ్మాయి పెద్దవాళ్ళను నాయనా అంటుందే, ఎంత మర్యాదో అంది. కామాక్షి నేల చూసింది. లోపలి నుంచి కొర్రమీను పులుసు వాసన, ఏసీ చల్లదనం కలిసి గుమ్మం దాకా వచ్చాయి.

సుబ్బరాయుడు కుండీతో గడప లోపల, తీగ చివర పచ్చికలో, కాత్యాయని మెట్టు మీద. సుభాషిణి లోపల నిలబడి వేలితో ఒక్కొక్కరినీ చూపిస్తూ లెక్క మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. నాలుగు దగ్గర ఆగింది. వేడి గాలికి కుండీలో ఒక ఆకు వాలిపోతోంది. నివాసి ఆరోగ్యం కూడా ఆమె ఫారంలో ఒక గడి.

"పెద్దాయనా, ఆ తీగ నలగకుండా తలుపు వేస్తారా? పాపం, దానికి ఎండ తగులుతోంది."

ఎవరైనా తలుపు వేయమంటే వేయడం, గేటు మూయమంటే మూయడం, లైనులో నిలబడమంటే నిలబడటం సుబ్బరాయుడికి పద్దెనిమిదేళ్ళ అలవాటు. ఎందుకని అడగడం ఆ అలవాటులో లేదు. ఆయన చేయి గొళ్ళెం మీదకు వెళ్ళాక గాని చూపు బయట మెట్టు మీదున్న కూతురి మీదకు వెళ్ళలేదు.

"రెండు నిమిషాలేమ్మా," అన్నాడు. తీగ దగ్గర వేలెడు సందు వదిలి, తలుపు వేశాడు.